లిఫ్టు పక్క గోడ, నా నూలు చీర

ఆ రోజుల్లో హైదరాబాదు కొత్తగూడలో ఫ్లైఓవర్ లేదు, నాకు బుద్ధీ లేదు. రెండూ ఆలస్యంగానే వచ్చాయి. (నా మనవరాలితో మాత్రం నాకు బుద్ధి పుట్టుకతోనే ఉందని చెప్పాను, మీరు బయటపెట్టకండి.) నలభై దాటాక మొదటిసారి పనిలో చేరినదాన్ని కాబట్టి ఆ వయసును నా పడుచుతనం కిందే జమకట్టుకుంటాను. కడప పక్కనుంచి వచ్చి మా ఆయన ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటే, పక్కనే కడుతున్న ఇంకో అపార్ట్‌మెంటులో నేను రంగులపనికి కుదిరాను. రంగులపని అంటే రంగు వేయడం అనుకునేరు! ఆడవాళ్లం గోడలకు ఉప్పుకాగితం రుద్దాలి, నేల కడగాలి, మగవాళ్లు వాడి పడేసిన బ్రష్షులు ఉతకాలి. బ్రష్షు ఉతికే చేతికి బ్రష్షు పట్టే యోగ్యత ఎందుకు లేదని అడిగితే నవ్వేవారు. నేను బడి తొందరగా మానేసినదాన్నే గానీ, అడగడం మానలేదు.

మా మేస్త్రీని అందరం డబ్బా మేస్త్రీ అనేవాళ్లం. ఎప్పుడు చూసినా బోర్లించిన రంగుడబ్బా మీదే కూర్చునేవాడు. పాలమూరు మనిషి. మామూలు గోడను పాలరాయిలా మార్చడంలో మాత్రం అతనికి మంచి పేరు. తెల్లరంగు తడి ఆరకముందే కోడి ఈకను బూడిదరంగులో ముంచి, వంకరటింకర గీతలు లాగి, పొడి బ్రష్షుతో మెత్తగా నిమిరేవాడు. దూరం నుంచి చూస్తే రాయే. ఆ ఏడాది కింది అంతస్తులో లిఫ్టు పక్క గోడకు ఆ పని చేయాలి. మర్నాడే గృహప్రవేశం పూజ. సరిగ్గా అప్పుడే అతని మణికట్టు బెణికింది. మిగతా మగవాళ్లంతా మూసాపేట పనిలో ఉన్నారు.

"ఆ గీతలు నేను గీస్తా మేస్త్రీ" అన్నాను.

"నువ్వా? ఆడోళ్లు గీతలు గీసుడేంది అక్కా?"

"మరి రోజూ మీ ఇంటి వాకిట్లో ముగ్గు గీసేదెవరు? నువ్వా?"

అతను డబ్బా మీదనుంచి లేచాడు. అది అరుదైన విషయం. "సరే. మంచిగొస్తే రేపటిసంది బ్రష్షు నీదే. ఖరాబైతే మాత్రం మల్ల బ్రష్షు పేరెత్తొద్దు, ఉప్పుకాగితమే."

ఈక కొనడం దండగని కోళ్ల అంగడి ముందు ఏరుకొచ్చాను. తెల్లరంగు పూసి, ఈక ముంచి, పంటి బిగువున మొదలుపెట్టాను. చెయ్యి ఎంత హాయిగా తిరిగిందో! వెనక్కి జరిగి చూసుకున్నాకే తప్పు తెలిసింది. పాలరాతిలో గీత ఎక్కడో పుట్టి ఎక్కడో మాయమవ్వాలి. నా గీతలన్నీ ఊరంతా తిరిగి, మెలికలు వేసుకుని, బయలుదేరిన చోటికే వచ్చి కలుసుకున్నాయి. ముగ్గులో గీత కలపకుండా వదిలితే మా అమ్మ వేళ్ల మీద కొట్టేది మరి. ఆ చెయ్యి ఇప్పుడు ఎట్లా వదులుతుంది?

మేస్త్రీ పడీపడీ నవ్వాడు. "గిది బండనా అక్కా, పండుగ వాకిలా? ఆవుపేడ ఒక్కటే తక్కువ!" అంటూ టర్పెంటు గుడ్డ తీశాడు. "జరుగు, తుడిచేస్త."

"జరగను. ఇంత రంగు గుడ్డపాలు చేస్తావా? సరిదిద్దుకుంటా, కాసేపు ఆగు."

"పరేషాన్ చెయ్యకు, జరుగు!"

అతను ముందుకు వచ్చాడు, నేను వెనక్కి వెళ్లాను. వీపు గోడకు ఆనింది. తడిగోడ అని గుర్తు రాగానే ప్రాణం చివుక్కుమంది. (చీర పాతదేలెండి, కొత్తది కట్టుకుని పనికి పోయే రకాన్ని కాదు.) అయినా కదల్లేదు. కదిలితే గుడ్డ పడుతుంది, గుడ్డ పడితే నా బ్రష్షు పోతుంది. చేతులు చాచి ఆ కొసనుంచి ఈ కొసకు గోడకు రాసుకుంటూ అడ్డం తిరిగాను. సరిగ్గా ఆ సమయంలోనే ఆ అపార్ట్‌మెంటు యజమానురాలు లోపలికి వచ్చింది. గోడకు అతుక్కునే నమస్కారం పెట్టాను.

"ఆవిడ ఎందుకండీ అలా నిలబడింది? ఒంట్లో బాగాలేదా?"

మేస్త్రీ గుడ్డను వెనక దాచుకున్నాడు. ఇక తప్పక ఊడివచ్చాను. చర్రుమని చప్పుడైంది. నూలు చీర గీతలను పీల్చి, అలికి, కలిసిన చోటల్లా తెంపేసింది. బూడిదరంగు గోడంతా మబ్బులా పల్చగా పరుచుకుంది.

"అబ్బ, అచ్చం పాలరాయేనండీ!" అంది ఆవిడ.

"మా పని గట్లనే ఉంటదమ్మా" అన్నాడు మేస్త్రీ.

"మా పని కాదు, నా పని" అన్నాను, వీపంతా బూడిదరంగుతో.

ఆవిడ వెళ్లాక అతను గొంతు తగ్గించాడు. "అక్కా, ఆ మూల మిగిలింది. జర అటు గూడ ఆనుకోరాదూ?"

"నా వీపు నీ పనిముట్టు కాదు. బ్రష్షు ఇటు ఇయ్యి."

ఇచ్చాడు. మళ్లీ నా చేతికి ఉప్పుకాగితం ఇచ్చిన మగాడు లేడు.

మొన్న మనవరాలితో తెల్లాపూర్ వెళుతూ ఆ అపార్ట్‌మెంటు దగ్గర కారు ఆపించాను. గోడ కాస్త పసుపెక్కింది. నా వీపు తగలని ఆ మూల చిన్న మెలిక ఒకటి అలాగే ఉంది. వేలు పెట్టి గీత వెంట నడిపాను. తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది. మొండిది! నవ్వొచ్చింది, కళ్లు కూడా కొంచెం తడిశాయి.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు కాపలా అతను.

"ఎవరూ వద్దు నాయనా. నా గోడ చూసుకుంటాండా."