మా అత్తగారి సముద్రతీరం

మా అత్తగారు పోయిన ఆదివారం తెల్లవారుజామున, మదనపల్లెలో మా ఇంట్లోనే, నిద్రలో ప్రభువు పిలుపు అందుకున్నారు. కాఫీ తీసుకుపోయి "అత్తా, లేస్తారా" అని పిలిచింది నేనే. పలకలేదు. ఆమె పలకకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగని సంగతి. అందుకే చెయ్యి పట్టుకొని చూడకముందే నాకు అర్థమైపోయింది. మధ్యాహ్నానికి పుంగనూరు తీసుకుపోయాం. మామగారి పక్కనే భూస్థాపన చేశాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు సమాధుల తోట గేటు దాకా నిలబడి ఉన్నారు.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె సోషల్ పాఠం చెప్పే ఉంటారు. మీకు ఆమె టీచరమ్మ, నాకు అత్త. కోడలు అత్తగారి గురించి ఊరికే పొగుడుతూ కూర్చోదని అందరికీ తెలుసు కాబట్టి, నేను రాసేది మీరు నమ్మొచ్చు.

ఆమెకు మన రాష్ట్రమంటే పిచ్చి. రాజకీయాలు కాదు, పార్టీలు కాదు. ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ చెరువుకు ఏ దేశం పక్షులు వస్తాయి, ఏ ఊళ్లో ఏ బొమ్మలు చేస్తారు, అవి. నన్ను చూడడానికి కుప్పం వచ్చినరోజు కూడా ఆ పిచ్చి ఇంట్లో పెట్టి రాలేదు. వంట వచ్చునా, పాట వచ్చునా అని అడుగుతారని మా అమ్మ నన్ను తయారు చేసి పెట్టింది. మా అత్తగారు కాఫీ గ్లాసు అందుకొని, నా మొహం చూసి, "మన రాష్ట్రం లోపల ఉండి కూడా మన రాష్ట్రం కాని ఊరు యాది?" అన్నారు.

నాకు తెలియదు. తెలియనప్పుడు తల దించుకోవాలన్న తెలివి కూడా లేదు నాకు. "కుప్పమేనండీ" అన్నాను. ఒకపక్క తమిళం, ఒకపక్క కన్నడం, మా ఊరివాళ్లకు పెద్దాసుపత్రి కావాలంటే బెంగళూరు, పట్టుచీర కావాలంటే కంచి. నాకు అది నిజమే అనిపించింది. మా నాన్న మొహం మాడిపోయింది. మా అత్తగారు మాత్రం కాఫీ చీర మీద పడేంతగా నవ్వి, "యానాం తల్లీ, కాకినాడ దగ్గర ఉండాది, అది పుదుచ్చేరిది" అని చెప్పి, మామగారి వైపు తిరిగి "ఈ పిల్ల మనకు కావాల" అన్నారు. నా పెళ్లి అట్లా కుదిరింది.

కాపురానికి పోయాక తెలిసింది, ఆ ఇంట్లో అన్నం కూడా ప్రశ్న అడిగే పెడతారని. పప్పు వడ్డించి, గరిటె గిన్నె మీద ఆనించి, ఒక ప్రశ్న. కొల్లేరు నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయా, ఉప్పగా ఉంటాయా? పులికాట్ నీళ్లో? జవాబు చెప్తేనే నెయ్యి. చెప్పకపోయినా నెయ్యి వేసేవారు గానీ, పాఠమంతా చెప్పి, అన్నం చల్లారిపోయాక వేసేవారు. మా ఆయన చిన్నప్పటినుంచీ అలవాటు పడిపోయి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే జవాబు చెప్పేసేవాడు. నేను మొదట్లో చిరాకుపడ్డాను. ఆకలి మీదున్న మనిషిని పట్టుకొని బొర్రా గుహలు ఏ జిల్లా అని అడిగితే ఎవరికి మాత్రం కోపం రాదు? తర్వాత తర్వాత, ఆమె ఊరికి పోయినరోజు అన్నం సప్పగా అనిపించేది.

నా మీద ఆమెకు ఒక ప్రత్యేకమైన ఎత్తిపొడుపు ఉండేది. వాన పడిందంటే చాలు, కిటికీ దగ్గర నిలబడి, "మా మదనపల్లె వాన బాహుదాలో పడి, పెన్నలో కలిసి, నెల్లూరు దగ్గర మన సముద్రానికే పోతాది. మీ కుప్పం వాన సూడు, పాలారులో పడి తమిళనాడు సముద్రానికి పోతాది. మీ ఊరి వానకు కూడా ఆ పక్కే మొగ్గు" అనేవారు. నేను "పోనీలే అత్తా, వాళ్లూ తాగాల కదా" అనేదాన్ని. ఈ మాట ఇద్దరం ఎన్ని వానలకు అనుకున్నామో.

సముద్రం మీద ఆమెకు అంత ప్రేమ. కానీ మన సముద్రాన్ని ఆమె చూడలేదు. మామగారి కంటి ఆపరేషన్ కోసం చెన్నై పోయినప్పుడు అందరం బీచికి పోయాం. మేమంతా మోకాళ్ల దాకా తడుపుకొని కేరింతలు కొడుతుంటే, ఆమె చెప్పులు, సంచులు చుట్టూ పెట్టుకొని ఇసుకలో కూర్చున్నారు. "రాండత్తా" అంటే, "ఇది పక్క రాష్ట్రానిది. మనది సూసినాక తడుపుకుంటాలే కాళ్లు" అన్నారు. మనది చూపిస్తానని మా ఆయన ఏటా అనేవాడు, ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అందుకు ఆమె బాధపడిందీ లేదు. "పటంలో సూసినాను కదా" అనేవారు. ఆమెకు పటం చూడడమంటే ఊరు చూసినట్టే.

రిటైరయ్యాక ఆమె ఒక పని పెట్టుకున్నారు. ఎండాకాలం సెలవుల్లో మా సంఘాలవాళ్లు పిల్లలకు బైబిలు బడి నడుపుతారు. దాని ఆఖరిరోజు మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలందరినీ ఒకచోట చేర్చి, మన రాష్ట్రం మీద క్విజ్ పెట్టేవారు. ప్రశ్నలు ఆమెవే, తీర్పూ ఆమెదే. గెలిచిన జట్టుకు గోడకు తగిలించుకునే రాష్ట్రపటం బహుమతి. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినా సంతోషపడేవాళ్లే, కానీ ఆ మాట ఆమెతో ఎవరంటారు?

పోయినేడు క్విజ్ కుప్పంలో జరిగింది. పుట్టింటికి పోయినట్టూ ఉంటుందని నేనూ వెంట పోయాను. చివరికి పుంగనూరు జట్టు, కుప్పం జట్టు సమానంగా నిలిచాయి. ఆఖరి ప్రశ్న: "పొడవైన సముద్రతీరం ఉన్న రాష్ట్రాల్లో మనది ఎన్నో స్థానం?" కుప్పం జట్టులో రెండు జడల పాప లేచి, "మూడు టీచర్" అంది.

"తప్పు. గుజరాత్ మొదటిది, మనది రెండోది."

"లేదు టీచర్. కొత్తగా కొలిచినారంట. తమిళనాడు రెండు, మనం మూడు."

మా అత్తగారు కళ్లజోడు పైకి తోసుకొని, "మీ అమ్మది యా ఊరు పాపా?" అని అడిగారు.

"క్రిష్ణగిరి టీచర్."

"అదీ సంగతి" అన్నారు మా అత్తగారు. క్రిష్ణగిరి తమిళనాడుది. హాలంతా నవ్వింది. పాప కూర్చుంది. పటం పుంగనూరు జట్టుకు పోయింది. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. మా ఊళ్లో అమ్మ ఒక రాష్ట్రం, నాన్న ఒక రాష్ట్రం కావడం మామూలే. అందుకే ఎవరేం మాట్లాడినా ముందు అమ్మ ఊరు అడగడం కూడా మామూలే. మిగతా ఊళ్లలో ఆ ప్రశ్నకు అర్థమే ఉండదు.

కొన్నాళ్లకు, గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న మా అమ్మాయి ముందు పప్పు వడ్డించి మా అత్తగారు అదే ప్రశ్న అడిగారు. మా అమ్మాయి అన్నం కలుపుకుంటూనే "మూడవ్వా" అంది.

గరిటె అట్లే ఆగిపోయింది. "నువ్వు కూడానా?" అన్నారు.

మా అమ్మాయి ఫోన్ తీసి చూపించింది. కేంద్ర ప్రభుత్వం వాళ్లు తీరాన్ని మళ్లీ కొలిచారు. అన్ని రాష్ట్రాల తీరాలూ పెరిగాయి, తమిళనాడుది మనకంటే ఎక్కువ పెరిగి మనల్ని కాస్త దాటింది. మా అత్తగారు ఆ ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకొని చదివి, దూరంగా పెట్టుకొని చదివి, పోయి నా కుట్టుమిషన్ పక్కన కూర్చున్నారు. అన్నం తినలేదు.

"నేల ఎట్ల పెరుగుతాదే? సముద్రం యాడికీ జరగలేదు కదా" అని నన్నడిగారు.

నేను బ్లౌజులు కుడతాను. అప్పుడు ఒక మెడ కొలుస్తున్నాను. నా చేతిలో టేపు మెడ వంపు వెంబడి తిరగడం చూస్తూ చూస్తూ ఆమే అన్నారు: "అడ్డంగా పట్టి కొలిస్తే తక్కువ వస్తాది. వంపు వెంబడి పోతే ఎక్కువ వస్తాది. ఇన్నాళ్లూ వంకరలు వదిలేసి కొలిచినారు. ఇప్పుడు సరిగ్గా కొలిచినారు." నా టేపు కొస పట్టుకొని, "ఆ పాప కరెక్టుగా చెప్పింది" అన్నారు. ఆమె గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు నేను. నాకు భయమేసింది.

మర్నాటినుంచి ఒకటే పాట, కుప్పం పోవాలని. అప్పటికే ఆమె గుండె బలహీనపడి ఉంది. డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నారు. మా ఆయన బతిమాలాడు. "యాలమ్మా ఈ ఎండలో? ఆ పాప ఇంటికి ఫోన్ చేసి చెప్తే సాలదా?"

"తప్పని అందరి ముందరా చెప్పినా. రైటని ఫోన్లో చెప్పాల్నా?" అన్నారు.

బడులు తెరిచాక ఒకరోజు పొద్దున్నే బస్సెక్కాం. మా అత్తగారి ఒళ్లో చుట్టచుట్టిన కొత్త పటం. పుంగనూరు దాటాక పక్కసీటులో కూర్చున్న ఆమెను పట్టుకొని, "అమ్మా, మన పుంగనూరు ఆవు ఎంత ఎత్తుంటాదో తెలుసునా?" అని మొదలుపెట్టారు. ఆమె "మాయింట్లోనే ఉండాదమ్మా, నా నడుముకు గూడా రాదు" అంది. పలమనేరు వచ్చేదాకా ఇద్దరూ ఆవుల మాటే. నేను మాత్రలు, నీళ్లసీసా పట్టుకొని అత్తగారి ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ పాప ఎనిమిదో తరగతి. అక్కడి టీచరు అనుమతి ఇచ్చారు. మా అత్తగారు బల్ల పట్టుకొని నిలబడి, తరగతిలో ఎప్పుడూ మాట్లాడే పుస్తకం తెలుగు కూడా మరిచిపోయి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు.

"పిల్లలూ, పోయిన సెలవుల్లో మీ తోటి పాప కరెక్టు జవాబు చెప్తే నేను తప్పన్నాను. మన తీరం మూడోదే. నేను రెండు తప్పులు చేసినా. జవాబు తప్పనింది ఒకటి. వాళ్లమ్మ ఊరు అడిగింది ఇంకోటి. ఆ రెండోదే పెద్ద తప్పు. పాపా, నన్ను మన్నించాల."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పాప మాత్రం కొట్టలేదు, నవ్వలేదు. లేచి నిలబడి, మెల్లగా, "ఆ పొద్దు మాయమ్మ కూడా హాల్లోనే ఉండింది టీచర్" అంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా అత్తగారు మాత్రం బల్ల వదిలేసి, "ఇప్పుడు ఇంట్లో ఉండాదా?" అన్నారు.

"ఉండాది టీచర్."

"పద."

ఇల్లు బడి వెనక వీధిలోనే. అయినా మధ్యలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చోబెట్టాను. వాళ్లమ్మ మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రాండమ్మా, రాండి, కూర్చోండి" అంది. తమిళం యాస ఉన్న తెలుగు. మా అత్తగారు కూర్చోకుండానే, "నీ బిడ్డ కరెక్టుగా చెప్పిందమ్మా. నేనే తెలియక నిన్నూ, నీ బిడ్డనూ అందరి ముందరా నవ్వులపాలు చేసినా. ఆ మాట చెప్పిపోదామనే వచ్చినా" అన్నారు. పాప తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకొని, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

తిరుగు బస్సులో మా అత్తగారు నా భుజం మీద తల పెట్టి పలమనేరు దాకా నిద్రపోయారు. మొహంలో అంత నెమ్మది నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఆ తర్వాత ఆమె మాతో ఉన్నది కొన్ని నెలలే. ఆ నెలలన్నీ హాయిగా గడిపారు. అన్నం తిన్నారు, ప్రశ్నలు అడిగారు, నెయ్యి వేశారు. ఆమె కోడలిగా బతకడం నా అదృష్టం. ఈ మాట ఆమెకు చెప్పాను కూడా. "సరేలే, బ్లౌజు కుట్టుకో పో" అన్నారు.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే మాత్రం నాకు ముందుగా కనిపించేది కుప్పంలో ఆ చిన్న ఇల్లే. కాఫీ కాగుతుండగా, మా అత్తగారు క్యాలెండరు తీసేసి ఆ మేకుకే కొత్త పటం తగిలించారు. ప్రతిసారీ ఇచ్చేది మన రాష్ట్రం పటం. ఈసారి ఆమె కొన్నది దక్షిణాది రాష్ట్రాలన్నీ ఉన్నది. పాప చెయ్యి పట్టుకొని, వేలు మన తీరం మొదలయ్యే ఇచ్ఛాపురం మీద పెట్టించి, "పో. తీరం వెంబడి పో. మెల్లగా, వంకరలు వదలొద్దు" అన్నారు.

పాప వేలు బయలుదేరింది. విశాఖ దగ్గర కొండ చుట్టూ తిరిగింది. గోదావరి పాయల దగ్గర లోపలికి పోయి బయటికి వచ్చింది. కృష్ణ దగ్గర, పెన్న దగ్గర, పులికాట్ ఒడ్డున నింపాదిగా నడిచింది. తడ దగ్గరికి వచ్చి ఆగింది. మన రాష్ట్రం అక్కడితో అయిపోతుంది. పాప మా అత్తగారి వైపు చూసింది.

"యాల నిలిపినావు? పో" అన్నారు.

వేలు గీత దాటింది. చెన్నై దాటి, పాలారు కలిసే చోటు దాటి, కిందికి పోతూనే ఉంది. వాళ్లమ్మ రెండు చేతుల్లో కాఫీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో నిలబడి, ఆ వేలు కన్యాకుమారి చేరేదాకా చూస్తూ ఉంది.