సందుల్లో సిమెంటు

చిలకమ్మ రెండు చేతులూ రాయి కిందికి దూర్చి తడుముతోంది. ఎత్తడానికి కాదు. రాయి ఎక్కడ ఆనుకుందో, ఎక్కడ గాలిలో తేలుతోందో వేళ్లతో చూసుకుంటోంది. మూడు మూలలు కింది వరసను గట్టిగా పట్టుకున్నాయి. నాలుగో మూల దగ్గర చిటికెనవేలు దూరేంత ఖాళీ ఉంది. కుప్పలోంచి పలచటి రాతిముక్క ఒకటి ఏరి, గోడ వెనకవైపు నుంచి ఆ ఖాళీలోకి జరిపి, అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. రాయి మీద మోకాలు ఆనించి, ఒళ్లంతా మోపి ఊగి చూసింది. కదల్లేదు.

"ఊఁ, కూసుంది," అనుకుంటూ తర్వాతి రాయి వైపు తిరిగింది.

ఖరగ్‌పూర్ నుంచి కేశియారి వెళ్లే రోడ్డు దిగి పొలాల్లోంచి కాస్త లోపలికి నడిస్తే ఆ గోడ కనిపిస్తుంది. ఎవరు కట్టారో ఊళ్లో ఎవరికీ రూఢిగా తెలీదు. గుడి ప్రాకారమని కొందరు, కోట అని కొందరు అంటారు. ఎర్రటి రాయి, తేనెపట్టులా ఒళ్లంతా చిల్లులు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ. వందల వానాకాలాలు చూసి నిలబడింది. పడిపోయింది ఒక్క తూర్పు మూలే. అదీ తనంతట తాను పడలేదు. ఎప్పుడో ఎవరో బాగుచేసి పుణ్యం కట్టుకుందామని ఆ మూలకి సిమెంటు మెత్తారు. పైనుంచి దిగిన నీళ్లకు బయటికి దారి లేకపోయింది. గోడ కడుపుబ్బింది. ఒక వానాకాలంలో పొట్ట పగిలి కూలింది. తీరా చూస్తే సిమెంటు పెచ్చులు చెక్కుచెదరలేదు, వాటి మధ్య రాళ్లే పిండి అయిపోయాయి. మెత్తినవాళ్లు ఆపాటికి సన్మానాలు చేయించుకుని వెళ్లిపోయి ఉంటారు.

ఆ మూలను పాత పద్ధతిలోనే మళ్లీ పేర్చాలని పని వచ్చినప్పుడు, కాంట్రాక్టరు పంపిన మేస్త్రీలు వచ్చి చూసి, సిమెంటు లేకుండా గోడేమిటని నవ్వి చక్కా పోయారు. అప్పుడు సైటు సూపర్‌వైజర్ వెంకటరావు ఛాతీ విరుచుకుని, "మా అక్క ఏస్తాది," అన్నాడు. ఆ అక్కే చిలకమ్మ.

వాళ్ల తాత పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాడు. చిలకమ్మ భర్త బ్రిడ్జి గ్యాంగులో పనిచేస్తూ పోయాడు. ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ఇచ్చి, ఆడమనిషి కదా అని చేతిలో టీ కెటిల్ పెట్టారు. రైలు కట్ట వాలు మీద రాళ్లు పరిచి, కట్ట కోసుకుపోకుండా కాపాడే పనిని పిచ్చింగ్ అంటారు. అదీ సిమెంటు లేని పనే. ఒక వరదకు పిచ్చింగ్ కొంత కొట్టుకుపోయింది, కొంత నిలిచింది. అందరూ టీ తాగుతూ ఇంజనీర్లను తిట్టుకుంటుంటే ఆమె నీళ్లలోకి దిగి, పోయిన రాళ్లను ఎత్తి చూసింది. పోయినవన్నీ వెడల్పు ముఖం బయటికి పెట్టి పలకల్లా అతికించినవి. చూడ్డానికి బాగుంటాయి, జాగా తొందరగా నిండుతుంది. నిలిచినవాటి పొడుగంతా కట్ట లోపలికి పోయి ఉంది. బయటికి కనిపించేది పిడికెడే. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఎవరికీ తీరికా లేదు. కూలిపోయినవాటిని విప్పి చూస్తూ నేర్చుకుంది. రిటైరయ్యే నాటికి, ఆమె చెయ్యి పడిన పిచ్చింగ్‌ని మళ్లీ చూసుకోనక్కర్లేదని గ్యాంగంతా అనుకునేవారు. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ పేటలో ఇప్పుడు ఇంటిముందు తులసి కోట కూడా రాళ్లతోనే పేర్చుకుంది.

ఈ గోడ పని చూస్తున్న ప్రణతి హిజ్లీలోని ఇంజనీరింగ్ క్యాంపస్‌లో పాత కట్టడాల మీద పరిశోధన చేస్తోంది. వరంగల్ అమ్మాయి. పడిపోయిన ప్రతి రాయికీ ఫొటో తీసి, వెనకవైపు గుడ్డ చీటీ కట్టి, ఏది ఏ వరసలోదో కనిపెట్టింది ఆమే. ఏ రాయి ఎక్కడిదో ప్రణతి చెబుతుంది. అది ఎలా కూర్చుంటుందో చిలకమ్మ చూస్తుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. గోడ నడుము ఎత్తు దాటింది, ఇంకొక్క వరస పడితే పూర్తవుతుంది.

ఈ పని ఇచ్చిన కలకత్తా ఆఫీసు నుంచి పెద్ద ఇంజనీరు బుధవారం చూడ్డానికి వస్తాడని కబురొచ్చింది. ఆ కబురుతోనే వెంకటరావుకి పాత జబ్బు తిరగబెట్టింది.

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్లకి ఈ జబ్బు తెలుసు. రైల్వే జీఎం ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే కదలని ప్రతిదానికీ సున్నం పడాల్సిందే. చెట్ల మొదళ్లకీ, దారి పక్క రాళ్లకీ, పాడుబడిన గేటు కాపలా గుమటీకీ. పట్టాల పక్క కంకర అంచు కూడా దారం పట్టినట్టు తిన్నగా ఉండాలి. లోపల ఏది పుచ్చినా పైకి నీటుగా ఉంటే చాలు. వెంకటరావు రైల్వే వ్యాగన్ షాపులో పనిచేసినప్పుడు అదే నేర్చుకున్నాడు, అందుకు మెప్పూ పొందాడు.

సోమవారం పొద్దున్న చిలకమ్మ వచ్చి చూసేసరికి గోడ అడుగు వరసకి తెల్లటి సున్నం పట్టీ ఉంది. రాళ్ల మధ్య సందులన్నిట్లోనూ బూడిదరంగు సిమెంటు ఉంది. దాని మీద ఎంతో బాధ్యతగా తడి గోనెలు కప్పి ఉన్నాయి.

గోనె ఒకటి లాగి అవతల పారేసింది.

"ఏట్రా ఇది?"

వెంకటరావు ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఫినిషింగక్కా. నిన్న ఆదివారం నువ్వు లేవు గదా, దగ్గరుండి సేయించినాను. ఎల్లుండి పెద్దసాబ్ వొస్తన్నాడు. సందులు అలగ నోళ్లు తెరుసుకుని ఉంటే ఆయనేటనుకుంటాడు? మా అక్కకి పని రాదనుకోడా?"

"నా పరువు కాపాడినావన్నమాట."

"మరేటి! నీ కోసమే గదా."

"నా కోసమా? గోడకి నోరూ ముక్కూ మూసీసినావు. తాగిన నీరు ఎలాగ ఒగ్గుతాది? నీకలాగే మూసేసి బువ్వెడతాను, బతుకుతావేటి?"

"పైపైన రొండంగుళాలేనక్కా..."

"ఆ మూల కూలింది ఎందువల్లరా? ఈ రొండంగుళాల వల్లే. రోజూ ఆ పెచ్చుల మీద కూసుని టీ తాగుతావు, నీ కళ్లకి ఆనలేదేటి?"

వెంకటరావు ఆ పెచ్చుల వైపు తిరిగి చూశాడు. నిజంగానే ఆనలేదు. చూడలేదని కాదు, అది ఎవరో చెడ్డవాళ్లు చేసిన పని అనుకున్నాడు. తను చేసింది మంచి పని.

చిలకమ్మ సందులో గోరు పెట్టి గీసింది. గీత పడింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఈ రోజు గడిస్తే గట్టిపడుతుంది. అప్పుడు తీయాలంటే రాయి పోతుంది. సిమెంటు ముందు ఈ రాయి రస్కు ముక్కతో సమానం.

కూలీలు సుత్తులూ ఉలులూ పట్టుకొచ్చారు. ఆమె చేతులు అడ్డం పెట్టింది. "ఇనప ముక్క ఎవులైనా గోడకి తగిలించారో, ఆ సుత్తి నా సేతికొస్తాది."

గోడ పక్క పొలం తీతు మండల్‌ది. గోడ మీద మొలిచే మొక్కలు పీకేది, పశువులు ఎక్కకుండా చూసేది ఆయనే. కేకలు విని గట్టు మీదికొచ్చి, సంగతి అర్థం చేసుకుని, తన వెదుళ్ల మోపులోంచి రెండు తెచ్చి బద్దలు చీల్చి ఇచ్చాడు. చిలకమ్మ ఒక బద్ద తమ్ముడి చేతిలో పెట్టింది.

"గీకు."

"నానా? లేబరున్నారు గదక్కా!"

"ఆళ్లూ గీకుతారు. మెత్తమన్నది నువ్వు. ముందు గీకేది నువ్వు."

"నా నడుం..."

"నిన్న దగ్గరుండి మెత్తించినప్పుడు నడుం ఏ డాక్టర్ దగ్గరికెల్లింది?"

కూలీలు నవ్వారు. వెంకటరావు చొక్కా విప్పి వెదురు కొమ్మకు తగిలించి కూర్చున్నాడు.

ప్రణతి వచ్చేసరికి అందరూ గోడ పొడుగునా చతికిలబడి గీకుతున్నారు. ఆమె సున్నం పట్టీని చూసి తల పట్టుకుంది. కూలీ ఒకడు నీళ్ల బకెట్ తెస్తుంటే పరుగున వెళ్లి ఆపింది. "నీళ్లొద్దు! నీళ్లు పోస్తే సున్నం చిల్లుల్లోకి పోతది. పొడిగానే కొబ్బరిపీచుతో రుద్దండి." తర్వాత గోడ వెనక్కి వెళ్లి చూసి, కళ్లనీళ్లతో వచ్చింది. "ఆంటీ, పై రెండు వరసల్లో సిమెంటు వెనక్కి కూడా దిగింది. విప్పాల్సిందే."

"ఇప్పుదాం."

"ఎల్లుండి వాళ్లొస్తరు. గోడ ఎత్తు సగానికి వస్తది. కాంట్రాక్టర్ ఫోన్ చేసిండు. బుధవారం గోడ పూర్తి ఎత్తుల కనబడకపోతే వేరే మేస్త్రీలను దింపి సిమెంటుతో కట్టిస్తాడట."

చిలకమ్మ గీకడం ఆపలేదు. "ఆ మేస్త్రీలు వొచ్చీదాకా ఇది నా గోడే. రాయి ఆడి తొందరకి కూసోదు, నా తొందరకీ కూసోదు. నువ్వు రాళ్లకి సీటీలు కట్టమ్మా, తప్పితే మళ్లీ ఎతుక్కోలేం."

పై రెండు వరసలూ విప్పారు. చిల్లుల్లోకి సిమెంటు బాగా పట్టేసిన రెండు రాళ్ల పెదవులు మాత్రం ఎంత జాగ్రత్తగా తీసినా విరిగాయి. ఎన్ని తరాల వానలకో విరగని అంచులు, ఒక్క ఆదివారం సాయంత్రం అందం కోసం విరిగాయి. చిలకమ్మ ఆ ముక్కల్ని కొంగులో వేసుకుని చాలాసేపు కూర్చుంది.

"రంగు కలిపి అతికించేద్దామా?" అని వెంకటరావు చిన్నగా అడిగాడు.

"ఒద్దు. దెబ్బ తగిలింది, కనబడనీ."

బుధవారం పెద్ద ఇంజనీరు వచ్చాడు. గోడ నడుము ఎత్తు కన్నా తక్కువగా, సందులు తెరుచుకుని ఉంది. పక్కన గీకిన సిమెంటు కుప్ప. కాంట్రాక్టరు ముందుకొచ్చి, పని తెలియని ఆడమనిషిని పెట్టడం వల్ల ఆలస్యమైందని, రేపటి నుంచి సరైన మేస్త్రీలు వస్తారని హిందీలో గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. వినేవాళ్లంతా తలలూపుతున్నారు. ప్రణతి ఏదో అనబోయింది. ఆమె కన్నా ముందు వెంకటరావు అడ్డొచ్చాడు. సోమవారమంతా గీకి వేళ్లన్నీ గుడ్డపీలికలతో కట్టుకుని ఉన్నాడు.

"సాబ్, ఆలస్యం ఆమె వల్ల కాదు. సందుల్లో సిమెంటు నేనే వేయించాను. ఆమెకి చెప్పకుండా వేయించాను. గోడ పూర్తయ్యేది, నేను పాడుచేశాను," అన్నాడు హిందీలో. తర్వాత, మొదలుపెట్టాక ఎందుకు ఆపాలనుకున్నాడో ఏమో, "కాంట్రాక్టర్ సాబ్ చెప్పే మేస్త్రీలూ అదే వేస్తారు," అని కూడా అనేశాడు.

కాంట్రాక్టరు అతన్ని కళ్లతోనే కాల్చేశాడు. పెద్ద ఇంజనీరు కూలిన పాత పెచ్చుల దగ్గరికి నడిచి వెళ్లి, ఒకటి ఎత్తి చూసి, కింద పెట్టాడు. పని ఈ చేతుల్లోనే ఉండాలని, ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పట్టనివ్వమని చెప్పి, ప్రణతితో ఆ మాట కాగితం మీద కూడా రాయించాడు.

కారు వెళ్లిపోయాక చిలకమ్మ తమ్ముడి వైపు చూసింది. "నోరు బాగానే ఉందిరా నీకు. ఆదివారం ఎక్కడ పెట్టినావు?"

"దానికీ సిమెంటు మెత్తీసినానక్కా," అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. కానీ ఆ విరిగిన అంచుల సంగతి ఆమె ఆ రోజూ క్షమించలేదు, ఆ తర్వాతా క్షమించలేదు.

మళ్లీ ఒక్కొక్క వరసే లేచింది. వానలు ఇంకా దూరంగా ఉండగానే పై రాళ్లు కూర్చున్నాయి. విరిగిన రెండు రాళ్లూ తమ పాత చోటుకే వెళ్లాయి, ఎర్రటి పచ్చి గాయాలతో. ప్రణతి చివరి ఫొటోలు తీసింది. గోడ చుట్టూ కట్టిన తాడు వెంకటరావు విప్పాడు.

చిలకమ్మ తీతు మండల్‌ని పిలిచి గోడ చుట్టూ తిప్పింది. బెంగాలీలో ఒక్కొక్కటే చెప్పింది. రావి మొక్క రెండాకుల మీద ఉండగానే పీకెయ్యాలి, ముదిరితే కోయాలి గానీ లాగకూడదు. పిల్లలు ఎక్కినా పైరాయి కదిలించనివ్వకూడదు. ఎవరైనా సిమెంటు బస్తా దించితే ముందు ఆమెకు ఫోన్ చేయాలి, తర్వాత వాళ్లను అడగాలి.

"దించనిస్తే కదా దీదీ!" అన్నాడు తీతు.

"మరైతే నీది," అంది చిలకమ్మ. గోడ ఆయనకి అప్పగించి, చీర కుచ్చెళ్లలో పట్టిన ఎర్రదుమ్ము దులుపుకుని రోడ్డు వైపు నడిచింది.