ఐదో అంతస్తు ఓటు

మా సంఘం మేడగది ఎలా చేజారిందని అడిగిన వాళ్లందరికీ, వానకి పైకప్పు దిగిపోయిందని చెబుతూ వచ్చాను. అబద్ధం. పైకప్పు నిక్షేపంలా ఉంది. గది పోవడానికి కారణం నేనూ, నా తెలివితేటలూ, ఇంకొక సంగతీ. ఆ ఇంకొక సంగతి తలుచుకుంటే ఇప్పటికీ వీపు మీద ఎవరో చన్నీళ్లు పోసినట్టుంటుంది. లైటు వేసుకుని చదవండి. కరెంటు లేకపోతే రేపు చదవండి.

మాది బర్మాలోని యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, లమ్మడా పేట. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతూ, ఖాళీ దొరికితే ఆన్‌లైన్‌లో అమెరికా రాజకీయాల మీద ఏదో కోర్సు వినేదాన్ని. ఎందుకని అడక్కండి, నాకూ తెలీదు.

మా తెలుగు సంఘంలో రెండు వర్గాలు. తాతలు వ్యాపారానికి వచ్చిన కొట్ల వాళ్లు, తాతలు ఓడరేవులో పనికొచ్చిన రేవు వాళ్లు. అధ్యక్ష ఎన్నిక వస్తే ముందు ఒక్కో వర్గం తన మనిషిని తేల్చుకుంటుంది, తరవాత ఆ ఇద్దరూ పోటీ పడతారు. అమ్మది ఒక వర్గం, నాన్నది ఒక వర్గం అయిన నాలాంటి వాళ్లమూ, ఎవరితోనూ పొసగని కొందరు ముసలివాళ్లూ ఎటూ కాకుండా మిగిలాం. మమ్మల్ని తటస్థులంటారు. మాకు ఆఖరి ఓటే గాని, ముందు ఓటు లేదు.

ఆ ఏడు రేవు వాళ్ల తరఫున మా నూకరత్నం పిన్ని ఒక్కతే నిలబడింది. ఆవిడ ఆదివారాలు ఆ మేడగదిలో పదకొండుమంది పిల్లలకి తెలుగు చదవడం నేర్పేది. ఆ గదే ఆవిడ ప్రాణం. కొట్ల వాళ్లలో ఇద్దరు పోటీ. నారాయణ మామ మెత్తని మనిషి, "తరగతి ఉండనీండి, నాకేటి నట్టం?" అనేవాడు. రెండో ఆయన ఊ గురువులు. పెద్దవాళ్ల పేరుకి ముందు 'ఊ' తగిలించడం బర్మా మర్యాద, ఆయనకి మాత్రం భయంతో తగిలించేవాళ్లం. పప్పుల టోకు వ్యాపారి. గెలిస్తే మేడగది నిండా మినుముల బస్తాలు వేయిస్తానని బాహాటంగా చెప్పాడు. ఆయన దగ్గితే వీధికుక్కలు లేచి పక్క వీధికి పోయేవి.

అంటే నారాయణ మామ బరిలో ఉంటే పిన్ని ఓడినా గది ఉంటుంది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను?

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, పార్టీలు అధ్యక్ష పదవికి తమ మనిషిని ఎంచుకునేటప్పుడు, ఏ పార్టీకీ చెందనివాళ్లు కూడా వెళ్లి ఏదో ఒక పార్టీ వైపు ఓటు వెయ్యచ్చట. పోటీ బిగుసుకున్న చోట ఈ మధ్యవాళ్లే ఫలితాన్ని అటో ఇటో తిప్పేస్తారట. కోర్సులో ఈ పాఠం విన్న రోజు నాకు అన్నం సయించలేదు. సంఘం సమావేశంలో లేచి, తటస్థులకీ ముందు ఓటు ఉండాలని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. తటస్థులు మావాళ్లేనని రెండు వర్గాలూ లోలోపల అనుకున్నాయి గనక, అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు.

ఇంటికొస్తూ పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, నీ మనసులో ఏటున్నాదో సెప్పు."

"తటస్తుల ఓట్లన్నీ గురువులుగారికి ఏయిస్తాను పిన్నీ."

"మతి పోనాదేటే?"

"ఆయనంటే ఊరందరికీ బయమే గదా. నీకు ఎదురు ఆయనే నిలబడితే నువ్వు నిద్దరోయి కూడా గెలుస్తావు."

"నారాయణ నిలబడితే, నాను ఓడినా గది ఉంటాది గదే?"

"గెలవడానికి నిలబడ్డావా, ఓడడానికా?"

పిన్ని నా చెయ్యి వదిలేసింది. "ఏటో, సదువుకున్నదానివి," అంది. ఈ మాట నన్ను ఎవరన్నా అంటే ఇప్పుడు పారిపోతాను.

మా పాత మేడలకి లిఫ్టులుండవు. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింద చివర క్లిప్పు, పైన గంట. తాడు లాగితే పైన గంట మోగుతుంది. పేపరో కాయగూరలో క్లిప్పుకి తగిలిస్తే పైవాళ్లు లాక్కుంటారు. మనిషి మొహం చూడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. తటస్థుల్లో ముసలివాళ్లు మెట్లు దిగలేరు గనక, వాళ్ల ఓట్లు తాళ్ల మీద సేకరించే పని నాకు అప్పగించారు. ఎటూ మొగ్గని మనిషినని నమ్మి. నవ్వకండి.

ప్రతి ఓటు కాగితంతో పాటూ ఒక చీటీ పైకి పంపాను: 'గురువులుగారికి వెయ్యండి. కారణం తరవాత చెబుతాను.'

పక్కనున్న లత పేటలో ఆఖరి మేడ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. వాన సన్నగా పడుతోంది, కరెంటు పోయింది. జాబితాలో మిగిలిన పేరు పైడితల్లి, ఐదో అంతస్తు. తాడు లాగాను. గంట మోగలేదు. విసుగొచ్చి వదిలేశాను. వదిలేశాక మోగింది.

కాగితం తగిలించాను. అది నెమ్మదిగా, నూతిలోంచి చేద తోడుతున్నంత నెమ్మదిగా పైకి వెళ్లింది. బాల్కనీలో దీపం లేదు, చెయ్యి కనిపించలేదు. కాసేపటికి కాగితం దిగింది. అంత వానలోనూ అది తడవలేదు. గురువులుగారి పేరు పక్కన పసుపు వేలిముద్ర.

"మామ్మా, తిన్నావా?" అని అరిచాను.

పైన గంట రెండుసార్లు మోగింది. నా తెలివి ఏపాటిదంటే, పరుగెత్తాల్సిన చోట నిలబడి "వస్తాను మామ్మా" అని చెప్పి మరీ వచ్చాను.

కొట్ల వాళ్ల పోటీలో గురువులుగారు నెగ్గాడు. నారాయణ మామ ఇంటికెళ్లి పడుకున్నాడు. నేను పకోడీలు తెప్పించాను. వారం తరవాత అసలు ఎన్నిక. మళ్లీ ఓట్ల సంచీ, మళ్లీ తాళ్లు. ఈసారి చీటీలు పెట్టలేదు. గురువులుగారికి ఎవరు వేస్తారని నా ధీమా. ఐదో అంతస్తు తాడు నేను తాకకముందే కదులుతోంది. గాలి లేదు. ఆ వీధిలో మిగతా తాళ్లన్నీ కదలకుండా వేలాడుతున్నాయి.

మేడగదిలో కొవ్వొత్తుల వెలుగులో అప్పన్న తాత ఓట్లు లెక్కపెట్టాడు. ముందు ఓట్లు ఏ వర్గానివి ఆ వర్గమే లెక్కపెట్టుకుంటుంది గాని, అసలు ఎన్నికలో పాతికేళ్లుగా ఆ పని ఆయనదే. ఆఖరి కాగితం విప్పి ఆగిపోయాడు. గురువులు ఒక్క ఓటుతో గెలిచాడు. తాత చూస్తున్నది అది కాదు.

"ఈ పసుపు ముద్ర ఎవుల్ది?"

"పైడితల్లి మామ్మది తాతా."

"పైడితల్లి పోయి రెండేళ్లయినాది. నానే మోసినాను. ఆ ఇంటికి తాళం ఏసింది నానే." మొలలోంచి తాళంచెవి తీసి చూపించాడు.

ఒక కొవ్వొత్తి ఆరిపోయింది. దాన్ని వెలిగించడానికి ఎవరూ లేవలేదు.

"ఓటు కొట్టీండి," అన్నారెవరో గొంతు తగ్గించి.

"కొట్టేత్తాను. నీ ఓటు సెల్లదని ఎల్లి ఆవిడికి సెప్పేదెవులు?" అన్నాడు తాత.

గురువులుగారు దగ్గాడు. "జాబితాలో పేరున్నాది, ఓటు సెల్లుతాది. సచ్చినోల్లు కూడా నన్నే కోరుకున్నారు, అది సూడండి!"

మర్నాడు పొద్దున్న తాతా నేనూ ఐదంతస్తులెక్కాం. తాళం తుప్పుతో బిగిసిపోయింది. దాన్ని విరగ్గొట్టి లోపలికెళితే దుమ్ములో ఒక్క అడుగు జాడ కూడా లేదు. బాల్కనీ తలుపు లోపల గడియ. తాడు చుట్టలు చుట్టి గోడ మేకుకి తగిలించి ఉంది, సాలెగూడుతో సహా. మరి నేను రెండుసార్లు లాగిందేమిటో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

దిగుతూ రెండో అంతస్తు ముసలమ్మని నిలదీశాను. "గురువులుగారికి ఎందుకేసినావు మామ్మా?"

"నువ్వే గదే సీటీ ఎట్టినావు! కారణం తరవాత సెప్తానన్నావు. నువ్వు సెప్పలేదు, మేం మాట మార్సలేదు."

వీధి వీధంతా ఇదే జవాబు.

మేడగదిలో పిన్ని పలకలు మూట కడుతోంది. కింద మినుముల బస్తాల లారీ ఆగి ఉంది. ఆవిడ తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. గోడ మీది అక్షరాల పటం విప్పి జాగ్రత్తగా చుట్టింది. నాకు ఏడుపొచ్చింది.

"అంతా ఆ పైడితల్లి మామ్మే సేసింది పిన్నీ. ఒక్క ఓటు గదా!"

"ఆవిణ్ని ఏటీ అనకు. సచ్చి కూడా రెండుసార్లు ఓటేసింది, దణ్ణమెట్టాల." పిన్ని నా వైపు తిరిగింది. "సెప్పు, నీ ఓటు ఎవులికేసినావు?"

ఎన్నిక రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా నేను లాగిన తాళ్లు, మోసిన సంచీ, పలకరించిన ముసలివాళ్లు అన్నీ గుర్తుచేసుకున్నాను. ఒక్కటి గుర్తు రాలేదు. జరగలేదు గనక. నేను ఓటే వెయ్యలేదు. వేసుంటే సమానమయ్యేది, అమ్మవారి ముందు చీటీ తీసేవాళ్లు, సగం ఆశన్నా ఉండేది. చచ్చిన మనిషి తీరిక చేసుకుంది, బతికున్న నాకు తీరిక లేకపోయింది.

తరగతి ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో, ఆరుగురు పట్టే చోట పదకొండుమందితో నడుస్తోంది. పైడితల్లి మామ్మ పేరు జాబితాలో ఇంకా ఉంది. కొట్టేసే ధైర్యం ఎవరికీ లేదు.

కాబట్టి ఆ పదకొండుమంది పిల్లల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు అక్కర్లేని మనిషికి ఓటెయ్యమని ఈ జన్మలో ఎవరికీ చెప్పను. ఏ ఎన్నిక వచ్చినా నా ఓటు తెల్లవారకముందే వెళ్లి వేస్తాను. అప్పటికే వరసలో ఎవరన్నా నిలబడి ఉంటే, వాళ్లు ఎవరైనా సరే, వెనక్కి తిరిగి చూడమని మాత్రం అడగను.