మసి పట్టిన గిన్నెకు రసీదు

మావగారికి ఉన్న వ్యసనం ఒక్కటే: ఇంట్లో పొయ్యి ఉండగా, వంటింటి గిన్నెలను ఊరవతలి తోపులోకి మోసుకొనిపోయి కట్టెల మంట మీద పెట్టడం. రికార్డు గుమాస్తాగా పనిచేసి విరమించిన ఆయన, ప్రతి ఆదివారం ఈ కార్యక్రమాన్ని ఎంతో క్రమబద్ధంగా నిర్వహించేవారు. బయలుదేరే ముందు వంటింటి తలుపుకు రసీదు అంటించేవారు: "అడుగు మందం గిన్నె ఒకటి, మూతతో సహా, మసి లేకుండా స్వీకరించడమైనది."

తిరిగి అప్పగించేటప్పుడు మసి అదనం.

ఆయనకు పద్ధతి తెలియక కాదు. గిన్నె వెలుపల సబ్బు పూస్తే మసి తేలికగా వదులుతుందనీ, మంట తగ్గాక నిప్పుల మీదనే పెట్టాలనీ, ప్లాస్టిక్ పిడిని ముందే ఊడదీయాలనీ కొత్త కోడలికి బోధించినది ఆయనే. అయినా ఆ ఇంట పిడి సవ్యంగా ఉన్న పెనం ఒక్కటీ మిగలలేదు.

"మరి పిడి ఎందుకు ఊడదీయలేదండీ?" అని అత్తగారు నిలదీసేవారు.

"స్క్రూడ్రైవర్ మరిచిపోయానే."

"అది మరిచిపోతారు, ఉప్పు డబ్బా మాత్రం మరిచిపోరు!"

"ఉప్పు లేకుండా ఎలా తింటామే?"

ఒక శనివారం కోడలు పాలు పొయ్యి మీద పెట్టి, ఫోనులో తల్లితో మాటల్లో పడింది. తేరుకొని చూసేసరికి, అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకొని, ముప్పై యేళ్లుగా మావగారి చేతికైనా ఇవ్వని స్టీలు గిన్నె అడుగున నల్లని పెచ్చు కట్టింది. తోమింది, నానబెట్టింది, మళ్లీ తోమింది. కాపురానికి వచ్చి నెల నిండకుండానే మాట పడవలసి వస్తుందన్న భయంతో, చివరకు దానిని బియ్యం డబ్బా వెనుక దాచింది.

తెల్లవారి వంటింటి తలుపు చూసి కోడలు బియ్యం డబ్బా వెనుక వెతికింది; గిన్నె లేదు. "పుట్టింటి స్టీలు గిన్నె ఒకటి స్వీకరించడమైనది."

సాయంత్రానికి ఆ గిన్నె లోపలా బయటా ఒకే నలుపుతో తిరిగి వచ్చింది.

"నా గిన్నె! మీకు చేతులెలా వచ్చాయండీ?"

"నిప్పులు తగ్గాయనుకున్నానే. పొరపాటు నాదే. కావాలంటే రాసిస్తాను."

అరగంట సేపు సాగిన ఆ తిట్లను మావగారు తలవంచి, మిక్కిలి తృప్తిగా ఆలకించారు. కోడలు ఇక ఆగలేక, పెరట్లో గిన్నె తోముతున్న అత్తగారి పక్కన చతికిలబడింది.

"అత్తయ్యా, దాన్ని మాడ్చింది నేనే. నిన్ననే."

"తెలుసమ్మా. ఇల్లంతా మాడు వాసన. నా ముక్కుకేం రోగం?"

"మరి మావయ్యగార్ని అంతలా తిట్టారే!"

"తిట్టకపోతే చిన్నబుచ్చుకుంటారు. పాపం, అంత దూరం మోసుకెళ్లి మరీ మాడ్చుకొచ్చారు!"

అత్తగారు గొంతు తగ్గించారు. "నేను కాపురానికొచ్చిన వారానికే మా అత్తగారి పెనం పిడి కరిగించేశాను. భయంతో మంచం కింద దాచాను. మర్నాడే ఈయనకు తోపులో వంట మీద మనసు పుట్టింది."

"అయితే ప్రతి ఆదివారం ఎందుకు వెళతారు?"

"ఒక్కసారే వెళితే అనుమానం రాదూ? పైగా, రుచి మరిగారు."

తరువాతి ఆదివారం తలుపు మీద కొత్త రసీదు వెలిసింది: "స్క్రూడ్రైవర్ ఒకటి, కోడలు ఒకరు, మసి లేకుండా స్వీకరించడమైనది."

దాని కింద అత్తగారి చేతిరాత: "మసి లేకుండానే తిరిగి అప్పగించవలెను. స్క్రూడ్రైవర్ సంగతి మీ ఇష్టం."