తట్టు మరిచిన ఒళ్ళు

ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు, చివరికి కట్టుకున్న భర్త కూడా. కిక్కిరిసిన బస్సులో ఎవరు టికెట్టు తీసుకోలేదో ముఖం చూసి చెప్పేసే మనిషి. అలాంటి మనిషికి రక్తంలో పాడు జబ్బు పుట్టింది. ఆసుపత్రిలో మందులతో ఆమె ఎముకల్లోని మూలుగనంతా చంపేసి, అన్నయ్య మూలుగ ఎక్కించారు. ప్రాణం దక్కింది. ఆ మాట విని ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకున్నారు గాని, ఆమెకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

ఏడాది తిరగబోతుండగా, టీకాలన్నీ మొదటినుంచీ వేయించుకోవాలంది డాక్టరమ్మ. చిన్నప్పుడే వేశారు కదా అని భర్త అడ్డుపడ్డాడు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. క్రిమి లోపలికొస్తే రక్తంలోని తెల్లకణాలు దాంతో పోరాడతాయి. పోరు ముగిశాక కొన్ని కణాలు దాని ఆనవాలు గుర్తుపెట్టుకుని ఏళ్ళతరబడి కాపు కాస్తాయి. చచ్చిన క్రిమినో, దాని ముక్కనో, బలం తీసేసిన క్రిమినో చూపించి, జబ్బు పడకుండానే ఆ ఆనవాలు నేర్పేది టీకా. ఈమెకు నేర్చుకున్న కణాలు మందులతోనే పోయాయి. కొత్తవింకా పసివి.

"చిన్నప్పుడు నాకు తట్టు వచ్చింది. అదీ పోయిందా?" అని అడిగింది కండక్టరమ్మ.

"పోయినట్టేనమ్మా. తట్టంటే ఏంటో మీ ఒంటికిప్పుడు తెలీదు."

ఆమె తలూపింది. ఆ తట్టు ఆమెకూ చెల్లెలికీ ఒకే మంచంలో వచ్చింది. ఈమె లేచింది, చెల్లెలు లేవలేదు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు.

చంటిపిల్లల తల్లుల పక్కన బల్లమీద కూర్చుని ఒక్కొక్క టీకా వేయించుకుంది. బిడ్డేదని ఒకావిడ అడిగితే, నేనేనంది. తట్టు టీకాలో ఉండేది బలం తగ్గినా బతికున్న క్రిమి కాబట్టి, దాన్ని మూలుగ ఎక్కించి రెండేళ్ళు నిండేదాకా ఆపారు. అప్పటిదాకా ఆమెను బస్సెక్కనివ్వక, డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో వేశారు. మాస్కు పెట్టుకుని, గొడుగులూ టిఫిను డబ్బాలూ ఒంటి చెప్పులూ సర్దుతూ కాలం దొర్లించింది.

తట్టు టీకా పడ్డ వారానికి ఒళ్ళు వెచ్చబడింది. మెడమీద ఎర్రటి పొక్కులు లేచాయి. భయం లేదు, ఒళ్ళు నేర్చుకుంటోందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పినా, భర్త కంగారుపడి అన్నయ్యకు కబురుపెట్టాడు.

అన్నయ్య వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"దానికీ మెడ దగ్గరే మొదలైంది కదన్నయ్యా," అందామె.

"ఊఁ. అప్పట్లో ఈ టీకా మనదాకా రాలేదు," అన్నాడు. "ఏడుపొస్తే ఏడువు."

"రావట్లేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే."

అతను తడిగుడ్డ పిండి ఆమె నుదుటిమీద వేశాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

నాలుగురోజుల్లో పొక్కులు మాడిపోయాయి. కొన్ని వారాలకు రక్తపరీక్ష చేస్తే, తట్టును ఎదుర్కొనే బలం వచ్చిందని తేలింది. భర్త సంబరపడి వీధివీధంతా చెప్పొచ్చాడు. డ్యూటీలో ఎప్పుడు చేరాలో డిపోలో కనుక్కోమని చెప్పి, ఆమె అటు తిరిగి పడుకుంది.