మొక్కు లేని పరుగు

తిరుపతి కొర్లగుంటలో దర్జీ ఆదిమూలం తెలియనివాళ్ళు లేరు. గుండీలు ఊడని చొక్కా కావాలంటే ఆయన దగ్గరికే పోవాలి. చెప్పిన రోజుకి చొక్కా చేతికి రావాలంటే మాత్రం ఇంకెవరి దగ్గరికైనా పోవాలి. ముప్పై అయిదేళ్ళుగా కుట్టుమిషను తొక్కి తొక్కి ఆయన మోకాళ్ళు బిగుసుకుపోయాయి, పొట్ట మాత్రం నిక్షేపంగా పెరిగింది. నలభై ఆరో ఏట మిద్దె మెట్లెక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చేసరికి డాక్టరు దగ్గరికి పోయాడు. ఆ డాక్టరు మందులేవీ ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే నడవమని చెప్పి పంపించేశాడు.

నడక ఆయనకి బొత్తిగా పట్టుబడలేదు. నడుస్తుంటే కుట్టవలసిన గుడ్డలన్నీ గుర్తొచ్చేవి. అలా విసుక్కుంటూ నడుస్తున్న ఒకనాడు అలిపిరి దారిలో ఒక కుక్క వెంటపడింది. ఆదిమూలం పంచె ఎగగట్టి పరుగు లంకించుకున్నాడు. కొంతదూరం తరిమి కుక్క ఆగిపోయింది. ఆదిమూలం ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఆయనకీ తెలియదు. చెవుల్లో గాలి, ఎదురుగా కొండ, ఒంట్లో ఎప్పుడో చిన్నతనంలో పోగొట్టుకున్న తేలిక. ఇంటికొచ్చి గడపలో కూలబడి, ఒగరుస్తూనే నవ్వుకున్నాడు. ఇది ఎనభై ఒకటో సంవత్సరం మాట.

మర్నాటినుంచి కుక్క అవసరం లేకుండానే పరిగెత్తడం మొదలుపెట్టాడు. పంచెతో కుదరదని మిగిలిపోయిన పాప్లిన్ గుడ్డతో నిక్కరు కుట్టుకున్నాడు. దూరం పెరిగే కొద్దీ రెండు కాళ్ళ మధ్య ఉండే కుట్టు తొడలకి ఒరుసుకుని ఎర్రటి గీత పడేది. స్నానం చేస్తే ఆ గీత మీద నీళ్ళు పడి ప్రాణం పోయినంత పనయ్యేది. దర్జీ కాబట్టి ఊరుకోలేదు. నిక్కరు విప్పదీసి, ఆ చోట కుట్టే రాకుండా నలుచదరంగా ఒక ముక్క అతికాడు. గాంధీ రోడ్డులో తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాడు. అవి అరిగితే చెప్పులు కుట్టే మునస్వామి చేత బస్సు టైరు ముక్క అడుగున వేయించుకున్నాడు. మడమ దగ్గర పాత దుప్పటి గుడ్డ మడతపెట్టి తానే మెత్తగా కుట్టుకున్నాడు. కస్టమర్ల చొక్కాల మీద ఎన్నడూ చూపించని శ్రద్ధ అది.

ఆయన సంగతి బాగానే ఉంది. చిక్కంతా భార్య పంకజాక్షికి వచ్చిపడింది. ఎదురింటి సుబ్బులమ్మ ఒకరోజు కొళాయి దగ్గర పట్టుకుని అడిగేసింది.

"ఏమ్మే పంకజాక్షీ, మీ ఆయన నిక్కరేసుకోని యాడికి పరిగెత్తతా ఉండాడు? తిక్కగాని పట్టిందా?"

పంకజాక్షికి తల కొట్టేసినట్టయింది. తోచిన మాట అనేసింది. "మొక్కుబడి అక్కా. పలమనేరులో ఇచ్చినాం గదా, మా చంద్రకాంత, పెండ్లయి ఆరేండ్లయినా కడుపు పండలేదు. పొద్దున్నే అలిపిరి దాకా పరిగెత్తి, ఆడ మొదటి మెట్టుకు మొక్కి వస్తానని సామికి మొక్కుకోనుండాడు."

తిరుపతిలో ఎవరు ఏ పని ఎందుకు చేస్తున్నా మొక్కు అంటే చాలు, ఇంకెవరూ నోరెత్తరు. మోకాళ్ళ మీద కొండెక్కేవాళ్ళున్న ఊళ్ళో నిక్కరు ఒక లెక్కా? మర్నాడు ఆదిమూలం బయటికొచ్చేసరికి సుబ్బులమ్మ వీధిలో కళ్ళాపి చల్లి, ముగ్గేసి, చేతులు జోడించి నిలబడి ఉంది.

"మా కొడుకు దొరస్వామికి సమ్మందం కుదరాలని గూడా సామికి ఒక మాట సెప్పు నాయనా," అంది.

ఆదిమూలం తడి నేల మీద జారి పడబోయి నిలదొక్కుకున్నాడు. ఇంటికొచ్చి భార్యను నిలదీశాడు.

"ఏందిమే ఇది? నేనెప్పుడు మొక్కినాను?"

"అడిగితే ఏం సెప్పమంటావు? మా ఆయనకు కాళ్ళు దురదపెడతా ఉండాయని సెప్పేదా?"

నిజం చెప్పాలంటే ఆ అబద్ధం ఆయనకి సుఖంగానే ఉంది. అప్పటినుంచి వీధిలో పిల్లలు వెక్కిరించలేదు, పాలవాడు సైకిలు పక్కకి తీసి దారి ఇచ్చేవాడు. కానీ లోపల సిగ్గుగా ఉండేది. పరిగెత్తేటప్పుడు ఆయనకి దేవుడు గుర్తుకొచ్చిన పాపాన పోలేదు. ఊపిరి గుర్తుండేది, తిరిగొచ్చాక తినబోయే దోశ గుర్తుండేది. దొరస్వామి సంబంధం అసలే గుర్తుండేది కాదు.

విశ్వవిద్యాలయం మైదానంలో జయరావు అనే డ్రిల్లు మాస్టరు పరిచయమయ్యాడు. ఆదిమూలం రొప్పుతూ పరిగెత్తే తీరు చూసి జాలిపడి దగ్గరికొచ్చాడు.

"అంత బిర్రున పోతే ఎట్లప్పా? మాట్లాడతా పరిగెత్తాల. మాట రాలేదంటే వేగం ఎక్కువైందని లెక్క."

పక్కన మాట్లాడే మనిషి లేడు కాబట్టి ఆదిమూలం కొలతలు వల్లించుకుంటూ పరిగెత్తాడు. ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై రెండు, చెయ్యి పొడుగు ఇరవై మూడు. వినేవాళ్ళు అది ఏదో స్తోత్రమనుకున్నారు. ఆదివారాలు చంద్రగిరి దారిలో నిదానంగా ఎక్కువ దూరం, మిగతా రోజులు తక్కువ దూరం. బయలుదేరే ముందు ఒక గ్లాసు రాగి అంబలి. రెండేళ్ళలో పొట్ట కరిగిపోయింది, మెట్లెక్కడానికి గోడ అక్కర్లేకపోయింది.

అప్పుడు జయరావు ఒక వార్త చెప్పాడు. వచ్చే చలికాలం చిత్తూరులో ఒక యువజన సంఘం వాళ్ళు పలమనేరు రోడ్డు మీద పదహారు కిలోమీటర్ల పరుగు పెడుతున్నారట. నలభై దాటినవాళ్ళూ రావచ్చట. ఆదిమూలం ఐదో తరగతితో బడి మానేసి మిషను ముందు కూర్చున్న మనిషి. ఆయన కుట్టిన చొక్కాలు తొడుక్కుని ఎవరెవరో వేదికలెక్కి బహుమతులు తీసుకున్నారు తప్ప, పుట్టి బుద్ధెరిగి ఆయన ఏ పోటీలోనూ నిలబడలేదు. గెలవాలని లేదు. పరుగు బయలుదేరే గీత దగ్గర నిలబడి, ఆ చివరిదాకా పరిగెత్తాలని ఉంది. ఇంత గట్టిగా దేన్నీ కోరుకున్నట్టు ఆయనకి గుర్తులేదు.

ఇంతలో చంద్రకాంత నెల తప్పింది.

వీధి వీధంతా పొంగిపోయింది. కానుపుకి పుట్టింటికి వచ్చిన చంద్రకాంత ఆడపిల్లను కన్నది, తల్లీ బిడ్డా క్షేమం. ఆస్పత్రి వరండాలో ఆ మాట విన్న ఆదిమూలం గోడకి చేరగిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా కూతురి మొహం చూడలేక తల తిప్పుకున్న దిగులంతా ఆ ఏడుపుతో దిగిపోయింది.

ఇంటికి రాగానే పంకజాక్షి కాన్వాసు బూట్లు కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టేసింది.

"మొక్కు తీరిపోయింది. కొండకు పోయి తలెంట్రుకలు ఇచ్చొస్తే అయిపాయ. ఇంక నువ్వు పరిగెత్తగూడదు."

"మొక్కింది నేను గాదు గదమే!"

"నోరు ముయ్యయ్యా! ఎవరు మొక్కితే ఏంది? సామి ఇచ్చినాడా లేదా? ఆయన పేరు సెప్పి పరిగెత్తిన కాళ్ళతో ఇప్పుడు పందేలకు పోతావా? బిడ్డకేమన్నా అయితే?"

తన అబద్ధాన్ని పంకజాక్షి మెల్లగా తానే నమ్మేసింది. ఆయన రోజంతా మిషను ముందు కూర్చున్నాడు. కాళ్ళ కసి అంతా పెడలు మీద తీర్చుకుంటుంటే సూదులు విరిగేవి. చిత్తూరు పరుగు దగ్గర పడుతోంది.

పురుడు వెళ్ళి, బిడ్డను తొట్లో వేసే రోజు వచ్చింది. మనవరాలికి ఆయన స్వయంగా కొత్త పాప్లిన్ జుబ్బా కుట్టాడు, చేతులు అతికే చోట అంచుకి జరీ కూడా వేశాడు. ఆ రోజు పొద్దున్నే ఇక తట్టుకోలేక, అటక మీది బూట్లు దించుకుని ఎవరికీ చెప్పకుండా అలిపిరి దాకా పరిగెత్తి వచ్చాడు. వచ్చేసరికి ఇంట్లో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

పాలిస్తే తాగలేదు. ఊపితే ఆగలేదు. సుబ్బులమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది, వసకొమ్ము అరగదీసి నాకించింది. పేరంటానికి వచ్చినవాళ్ళంతా తలో మాటా చెబుతున్నారు. ఏడ్చి ఏడ్చి బిడ్డ మొహం కందిపోయింది. పంకజాక్షి చూపు గుమ్మంలో ఉన్న మట్టి బూట్ల మీద పడింది. తలెత్తి భర్త వైపు చూసింది. సగం సగం ఆదిమూలం కూడా నమ్మాడు. స్వామీ, నా ముచ్చటకి నా బిడ్డను పట్టుకుంటావా, అని మొట్టమొదటిసారి నిజంగానే మొక్కుకున్నాడు.

"రిక్షా పిలవండి, ఆస్పత్రికి పోదాం," అని బిడ్డను రెండు చేతులా ఎత్తుకున్నాడు. చంకల కింద వేళ్ళు తగలగానే బిడ్డ కెవ్వుమంది. కిందికి దించితే కాస్త తగ్గింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ కెవ్వుమంది. ఆదిమూలం ఆగిపోయాడు. బిడ్డను మంచం మీద పడుకోబెట్టి జుబ్బా చెయ్యి పైకి జరిపి చూశాడు. చంకలో సన్నగా, ఎర్రగా ఒక గీత.

ఆ గీత ఆయనకి బాగా తెలుసు. సరిగ్గా అలాంటిదే మూడేళ్ళ కిందట ఆయన తొడల మధ్య ఉండేది.

గబగబా జుబ్బా విప్పేశాడు. లోపలివైపు చంక దగ్గర నాలుగు కుట్లూ ఒకచోట కలిసి ముడిలా గట్టిగా ఉన్నాయి. జరీ పీచు ఒకటి గరగరా తగులుతోంది. బిడ్డకి పాత చీర గుడ్డ చుట్టి, చంకలో కొబ్బరినూనె రాశాడు. రెండు ఎక్కిళ్ళు పెట్టి బిడ్డ ఊరుకుంది. తల్లి దగ్గర పాలు తాగి నిద్రపోయింది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"సామి గాదుమే, కుట్టు!" అన్నాడు ఆదిమూలం జుబ్బా చూపిస్తూ. "నా నిక్కరుకు తెలిసిన సంగతి నా మనవరాలి జుబ్బాకు మరిసిపోయినాను."

పంకజాక్షి నవ్వబోయి ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న భయం అంతా బయటికొచ్చింది. సుబ్బులమ్మ చెయ్యి పట్టుకుని, "అక్కా, మా ఆయన ఏ మొక్కూ మొక్కలేదు. నేనే నోటికొచ్చిన అబద్దం సెప్పినాను. సామి పేరు సెప్పి అబద్దమాడినాననే నాకు దడ," అని అందరి ముందూ చెప్పేసింది.

సుబ్బులమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత తేరుకుని, "అబద్దమేంది, ఊరుకోమ్మే! మొన్న మా దొరస్వామికి సమ్మందం కుదరలా? ఆయన సెప్పకుండానే కుదిరిందా?" అంది. పేరంటాళ్ళు నవ్వారు. ఆదిమూలానికి మాత్రం మూడేళ్ళ బరువు దిగినట్టయింది.

ఆ వారంలోనే భార్యాభర్తలు నడిచి కొండెక్కారు. అబద్ధానికి పంకజాక్షి జుట్టు కొసలు కత్తిరించి మూడు కత్తెర్లు ఇచ్చింది. మనవరాలు పుట్టిన సంతోషానికి ఆదిమూలం గుండు చేయించుకున్నాడు. దిగి వస్తుంటే పంకజాక్షే అంది: "నా లెక్క నేను తీర్చుకున్నా. ఇంక నీ కాళ్ళు నీ ఇష్టం."

చిత్తూరు పరుగు రోజున సుబ్బులమ్మను కూతురికి తోడుంచి పంకజాక్షి కూడా బస్సెక్కింది. బయలుదేరే గీత దగ్గర కుర్రవాళ్ళు గంతులేస్తుంటే, ఆదిమూలం గుండు మీద తెల్ల రుమాలు కట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. విజిలు ఊదగానే అందరూ ముందుకి దూసుకుపోయారు. ఆయన కొలతలు వల్లించుకుంటూ నిదానంగా కదిలాడు. పోయేటప్పుడు మామిడి తోటల మీద మంచు ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఎండ చురుక్కుమంది. కాళ్ళు కొయ్యలయ్యాయి. ఊళ్ళోకి వచ్చే చోట ఎత్తు ఎక్కలేక నడకలో పడ్డాడు. ఇక్కడిదాకా వచ్చాం కదా, చాల్లే అనిపించింది.

అక్కడే రోడ్డు పక్కన జనంలో పంకజాక్షి ఉంది. ఆమె పక్కనున్న పూలమ్మే ఆవిడ ఆ గుండు చూసి చేతులు జోడించి, "పాపం, ఏం మొక్కుకోనుండాడో తల్లీ ఈ పెద్దాయన!" అంది.

"మొక్కూ లేదు, పాడూ లేదు," అంది పంకజాక్షి, అందరికీ వినపడేంత గట్టిగా. "ఆయన మా ఆయనే. పరిగెత్తేదంటే ఆయనకు ఇష్టం. అంతే."

ఆదిమూలం ఆ మాట విని నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు.

"నా మొగం సూస్తా నిలబడతావేందయ్యా?" అని అరిచింది పంకజాక్షి. "పరిగెత్తు!"