అల్లుడు పెట్టలేని పరీక్ష

శుక్రవారం శుక్రవారం బడిపిల్లల్ని రాళ్ళగుట్టల్లోకి తీసుకెళ్ళి, ఏ ఆకు దగ్గుకో, ఏ బంక పుండుకో చూపించడం మా డల్సీ అమ్మమ్మ పని. ముప్ఫై ఏళ్ళుగా ఆ శుక్రవారాలే ఆమె ప్రాణం. ఆ ఏడు ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలోని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మొక్కల మందులు నేర్పేవాళ్ళకు ఇక సర్టిఫికెట్ ఉండాలట, లేకపోతే పిల్లల్ని పంపరట.

"ప్రభువు ఆకుల్లో మందు పెట్టినప్పుడు ఎవర్నడిగి పెట్టాడే?" అంది అమ్మమ్మ. అయినా పరీక్షకు ఒప్పుకుంది.

ఆఫీసువాళ్ళు మంచివాళ్ళే. తెల్లవాళ్ళొచ్చి అడిగితే మా ఆదివాసుల మనసు నొచ్చుకుంటుందని బాగా ఆలోచించి, మావాడినే పంపారు. పేరు క్లారీ. అతను బండి దిగాడో లేదో, అమ్మమ్మ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నీళ్ళ ట్యాంకు చాటుకు వెళ్ళిపోయింది. వావి ప్రకారం క్లారీ ఆమెకు అల్లుడు. మాలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడరాదు, మాట్లాడుకోరాదు. క్లారీ కూడా అప్పటికే వీపు తిప్పి నిలబడ్డాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, కానీ ఆ లెక్కన నాకు నాన్న.

"నాన్నా, ఏం అడగాలో నాకు చెప్పు. నేను అమ్మమ్మనడిగి చెప్తా."

"కుదరదు తల్లీ. ముఖాముఖిగానే చెప్పించాలని రాసుంది ఈ ఫారంలో," అని గుట్టలవైపు చూస్తూ దగ్గాడు.

ట్యాంకు చాటునుంచి, నాతో అన్నట్టుగా, ఊరంతా వినబడేలా అంది అమ్మమ్మ: "ఏమే, ఎవరికో ఛాతీ పట్టేసినట్టుందే! గుట్టమీది జిగురాకు దంచి ఎమూ కొవ్వులో కలిపి పెట్టాను. వంటింట్లో డబ్బాలో ఉంది. రొమ్ముకు రాసుకుని కప్పుకుని పడుకోమను. మింగొద్దని చెప్పు, మగాళ్ళకు చెప్పకపోతే తెలీదు."

క్లారీ నవ్వాపుకుంటూ రాసుకున్నాడు, మందునీ ఫారాన్నీ కూడా. అబద్ధం ఆడే మనిషి కాదు. "ఈమెకు మా పద్ధతులు క్షుణ్ణంగా తెలుసు. అందువల్ల పరీక్ష పెట్టడం వీలుపడలేదు" అని రాశాడు. ఆఫీసువాళ్ళు చివరి మాట మాత్రం చూసి, ఫెయిల్ అన్నారు.

రెండు శుక్రవారాలు పిల్లలు బడిగోడ దగ్గరే కూర్చున్నారు. అమ్మమ్మ వాళ్ళకు రొట్టె కాల్చి పంపేది, తను మాత్రం తినేది కాదు.

మూడో వారం ఫిలిప్పా అనే తెల్లపిల్ల వచ్చింది, చేతిలో మొక్కల బొమ్మల పుస్తకం. ఏ వావీ లేదు కాబట్టి పరీక్ష చక్కగా సాగింది. ఒక బొమ్మ చూసి, దాని కింద రాసిన పేరు విని అమ్మమ్మ, "ఇది ఆ చెట్టు కాదమ్మా, దాని పక్కన మొలిచేది," అంది. ఫిలిప్పా పుస్తకం చూసుకుని, బాధపడుతూనే మార్కులు తీసేసింది. అలాంటివి ఇంకో నాలుగు. నూటికి అరవై రెండు. పాస్.

"గట్టిగా అడగొద్దూ? పుస్తకమే తప్పు కదా!" అన్నాను ఆ పిల్ల వెళ్ళాక.

"ఊరుకోవే. ఎండనపడి అంతదూరం వచ్చింది. పుస్తకం తప్పని తేలితే దాని ఉద్యోగం ఏం కాను?"

సర్టిఫికెట్ వచ్చిన మొదటి శుక్రవారం పిల్లల వరుస చివర ఫిలిప్పా నిలబడి ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గర ఆరు వారాలు నేర్చుకుంటే గానీ తనకు సర్టిఫికెట్ ఇవ్వరట.

"టోపీ పెట్టుకో తల్లీ," అని అమ్మమ్మ గుట్టవైపు నడిచింది.